కార్బ్యురేటరు జెట్టు – అందాజు, లెక్క

"కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినది" అను సామెతను మన పెద్దలు యంత్రములను దృష్టిలో నుంచుకొని చెప్పలేదు. అయినను పాత మోటారు సైకిలుకు కొత్త సైలెన్సరు బిగించి, ఎయిర్ ఫిల్టరు డబ్బాను ఊడదీసి మూలకు నెట్టి, బండి వేగము పెరిగినదని సంతోషించు యువకులను చూచినపుడెల్ల నాకు ఆ సామెతయే జ్ఞప్తికి వచ్చును. తెలుగు పాఠము చెప్పువాడు కార్బ్యురేటరును గూర్చి వ్రాయుట యేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. నా బాల్యము నరసరావుపేటలో ఒక మెకానిక్ షెడ్డు ప్రక్కన గడచినది. ఆ షెడ్డు ఉస్తాదు గారు పుస్తకము పట్టి యెరుగరు. ఇంజను శబ్దము విని దాని రోగము చెప్పగలరు. వారి విద్యకు ఒక్కటే పేరు – అందాజు. ఈ మాట ఫారసీ నుండి ఉర్దూలోనికి, అచ్చటినుండి తెలుగులోనికి వచ్చి మన యింటి మాటయైనది. యాభై యేండ్ల ఆ అందాజు ఒకనాడు తప్పినది. ఎందుకు తప్పినదో తెలిసికొనుటకు లెక్క కావలసి వచ్చినది. ఆ లెక్కయే ఈ వ్యాసమునకు విషయము.

మన కళాశాల విద్యార్థి యొకడు తండ్రిగారి కాలము నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని బాగుచేయించుకొన్నాడు. 1985లో వచ్చి 1996 వరకు తయారైన ఈ బండి నేటికిని మన పల్నాటి యువకులకు ప్రాణప్రదము. 2023 మే నెలలో అతడు దానికి పొట్ట లావుగా నుండు కొత్త సైలెన్సరు వేయించెను. దానికి తగినట్లు ఉస్తాదు గారు స్వయముగా జెట్టు మార్చి సరిచేసిరి. ఆ వేసవి అంతయు బండి చక్కగా నడచినది. 2025 డిసెంబరులో ఒక తెల్లవారుజామున అతడు మాచర్లకు పోవుచుండగా, గురజాల దాటిన తరువాత ఇంజను హఠాత్తుగా పట్టివేసినది. వెనుక చక్రము తిరుగుట మానినది. బండి జారి, పిల్లవాని మెడ ప్రక్క యెముక విరిగినది. ప్రాణాపాయము తప్పినందులకు అందరము భగవంతునికి కృతజ్ఞతలు చెప్పుకొంటిమి.

ఇంజను విప్పినపుడు నేనును అచ్చటనే ఉంటిని. పిస్టనుపై నిలువు గీతలు పడియున్నవి. ప్లగ్గు కొస సున్నము వేసినట్లు తెల్లగా నున్నది. ఉస్తాదు గారు చాలసేపు మాటలాడలేదు. తరువాత నాతో, "బేటా, ఈ జెట్టు నా చేత్తో నేనే వేసినాను. అప్పుడు ప్లగ్గు కాఫీగింజ రంగులో ఉండింది. నేనెక్కడ తప్పు చేశానో నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు" అనిరి. ఆ ప్రశ్నకు నేను ఆనాడు సమాధానము చెప్పలేకపోయితిని.

రెండు స్ట్రోకుల ఇంజను

నాలుగు స్ట్రోకుల ఇంజనులో గాలి పీల్చుట, నొక్కుట, మండుట, పొగ వదలుట అను నాలుగు పనులకు పిస్టను నాలుగుసార్లు క్రిందికి పైకి కదలవలెను. రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ పనులన్నియు రెండు కదలికలలోనే ముగియును. క్రాంకు పెట్టెనే పంపుగా వాడుకొను సరళమైన రూపమును 1891లో జోసెఫ్ డే అను ఆంగ్లేయుడు రూపొందించెను. వాల్వులు లేవు. భాగములు తక్కువ. బరువు తక్కువ. అందుచేతనే జావా, యెజ్డీ, రాజదూత్, పాత బజాజ్ స్కూటర్లు ఈ విధానముననే నడచినవి. నేడు రోడ్డుపై ఈ జాతి అంతరించుచున్నను మన మిరప చేలలో మాత్రము సజీవముగా నున్నది. రైతు వీపున తగిలించుకొను పెట్రోలు తైవాన్ స్ప్రేయర్లలో చాలవరకు రెండు స్ట్రోకుల ఇంజనులే. కనుక ఈ పాఠము బండి నడుపు వారికే కాక, పొలము గల ప్రతి యింటికిని పనికివచ్చును.

ఈ ఇంజనుకు ఒక బలహీనత కలదు. దానిని చల్లబరచుటలో రెక్కలమీది గాలితో పాటు లోనికి వచ్చు పెట్రోలు మిశ్రమమునకును పెద్ద పాలు కలదు. స్ప్రేయరు వంటి యంత్రములలో నూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు గనుక, పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. పెట్రోలు తగ్గిన ఇంజను వేడెక్కును. వేడెక్కిన పిస్టను వ్యాకోచించి సిలిండరు గోడను పట్టుకొనును. మన మెకానిక్కులు 'పిస్టన్ జామ్', 'సీజ్' అనునది దీనినే.

కొత్త సైలెన్సరు కథయు కొంత తెలియవలెను. 1950 దశకములో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు, బయటికి పోవు పొగ అలలను తిరిగి వెనుకకు కొట్టించి, బయటికి జారిపోవు తాజా మిశ్రమమును సిలిండరులోనికి నెట్టు సైలెన్సరును అభివృద్ధి పరచెను. 1961లో ఎర్నెస్ట్ డెగ్నర్ అను పోటీ పందెగాడు ఆ దేశము విడిచి ఈ రహస్యముతో జపానుకు చెందిన సుజుకీ సంస్థలో చేరెను. పొట్ట లావుగా నుండు సైలెన్సరు నేడు మన పట్టణములలో దొరకుటకు మూలమిదియే. ఈ సైలెన్సరు ఇంజను చేత ఎక్కువ గాలి పీల్పించును. గాలి పెరిగినపుడు పెట్రోలును పెరుగవలెను. ఆ పెంచుట జెట్టు పని.

అమెరికాలో ఇసుక దిబ్బలపై నడుపు నాలుగు చక్రాల బండ్లకు ఏటీవీలని పేరు. 1987లో వచ్చిన యమహా బాన్షీ అట్టి బండ్లలో ప్రసిద్ధమైనది. దాని రెండు సిలిండర్ల ఇంజను యమహా ఆర్‌డీ 350 వంశమునకు చెందినది. ఆ వంశములోని పాత బండినే మన దేశములో ఎస్కార్ట్స్ వారు 1983 నుండి రాజదూత్ 350 అను పేర తయారుచేసిరి. సైలెన్సరు, ఫిల్టరు మార్చిన బాన్షీ యజమాని ఎడారి పగటి వేడికి ఒక జెట్టు, చలికాలపు ఉదయమునకు మరియొక జెట్టు పెట్టె లోపల ఉంచుకొనును. అతనికి తెలిసిన ఆ చిన్న సత్యము మనకును అవసరము.

జెట్టు అనగా నేమి?

గొట్టము ఇరుకైన చోట గాలి వేగము పెరుగును. వేగము పెరిగినచోట పీడనము తగ్గును. 1738లో డేనియల్ బెర్నూలీ ప్రకటించిన ఈ సూత్రమును మీరు భౌతికశాస్త్రములో చదివియుందురు. కార్బ్యురేటరు ఇరుకు గొంతులో పీడనము తగ్గగా, క్రింది గిన్నెలోని పెట్రోలు పైకి చిమ్మును. ఎంత చిమ్మవలెనో నిర్ణయించు సన్నని రంధ్రము గల ఇత్తడి ముక్కయే జెట్టు. దీనికి మూలమైన ఫ్రెంచి పదమునకు విసరుట, చిమ్ముట అని అర్థము. పేరునకు తగిన పని!

కార్బ్యురేటరులో ఒక్క జెట్టే పని చేయదు. యాక్సిలరేటరు ఎంత తిప్పితిమో దానిని బట్టి పని పంపకము జరుగును. మూసియుంచినప్పటినుండి ఎనిమిదవ వంతు వరకు పైలట్ జెట్టు, గాలి మరలు పనిచేయును. అచ్చటి నుండి నాలుగవ వంతు వరకు స్లైడు అడుగున గల కోత ముఖ్యము. నాలుగవ వంతు నుండి ముప్పాతిక వరకు సూది యెత్తు ముఖ్యము. సూదికి గల క్లిప్పును ఒక మెట్టు దించినచో సూది పైకి లేచి పెట్రోలు పెరుగును. ముప్పాతిక నుండి పూర్తిగా తిప్పు వరకు మెయిన్ జెట్టు రాజ్యము. ఈ పంపకము తెలియనివాడు, నిలిపియుంచిన బండి సరిగా కొట్టుకొనకున్నను మెయిన్ జెట్టును మార్చును. అది కాలు నొప్పికి కంటిలో మందు వేయుట వంటిది.

జెట్టుపై నుండు అంకె విషయమునను జాగరూకత కావలెను. కొన్ని సంస్థలు ఆ అంకెను రంధ్రపు వ్యాసముగా వేయుదురు. 100 అనగా సరిగా ఒక మిల్లీమీటరు. మరికొన్ని జెట్లపై అంకె పెట్రోలు ప్రవహించు పరిమాణమునకు గుర్తు. కావున ఒక జాతి 100, మరియొక జాతి 100 ఒకటి కావు. వ్యాసము అంకెగా గల వాటిలో రంధ్రపు వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. 100 నుండి 104కు మారినచో వ్యాసము నూటికి 4 పాళ్ళే పెరిగినది. పెట్రోలు త్రోవ మాత్రము నూటికి 8 పాళ్ళు పెరుగును.

ఎండ, చలి, పెట్రోలు

ఇప్పుడు ఉస్తాదు గారి ప్రశ్నకు వత్తము. మన రెంటచింతల ఎండ రాష్ట్రమంతట ప్రసిద్ధమైనది. మే నెలలో 45 డిగ్రీల వేడిలో ఆయన జెట్టు పెట్టిరి. డిసెంబరు వేకువను 18 డిగ్రీలు ఉన్నదనుకొందము. గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమముగా మారును. 45 డిగ్రీలనగా 318 కెల్విన్లు. 18 డిగ్రీలనగా 291. 318ని 291 చేత భాగించిన 1.09 వచ్చును. అనగా చలిగాలి వేసవి గాలికన్న నూటికి 9 పాళ్ళు చిక్కనిది. అయితే గాలి చిక్కబడినపుడు పెట్రోలును లాగు శక్తియు కొంత పెరుగును. పెట్రోలు సాంద్రత యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగునని లెక్క. కావున నికరముగా మిశ్రమములో పెట్రోలు లోటు 9 కాక, సుమారు నాలుగున్నర పాళ్ళు. ఇది మొదటి లోటు.

రెండవది పెట్రోలులోనే జరిగిన మార్పు. పూర్తిగా మండుటకు ఒక గ్రాము శుద్ధ పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇథనాలుకు 9 గ్రాములు చాలును. 2023 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి బెంగుళూరులో ఇరువది పాళ్ళ ఇథనాలు గల పెట్రోలును ప్రారంభించిరి. 2030కి చేరవలెననుకొన్న ఆ గమ్యమును ముందుకు జరిపి 2025 నాటికే దేశము చేరుకొన్నది. అంతకుముందు ఇథనాలు పది పాళ్ళే. పది పాళ్ళ పెట్రోలుకు గాలి లెక్క సుమారు 14.1, ఇరువది పాళ్ళ దానికి సుమారు 13.5. అనగా అంతే గాలికి ఇప్పుడు నూటికి 4 పాళ్ళు ఎక్కువ పెట్రోలు పోవలెను. ఆక్సిజన్ సెన్సారు గల నేటి బండి ఈ తేడాను తానే కనిపెట్టి సరిచేసికొనును. జెట్టుకు కన్ను లేదు. మే 2023 నాటి రంధ్రము డిసెంబరు 2025లోను అదే రంధ్రము.

ఈ రెండును కలిపి నూటికి ఎనిమిదిన్నర. మంచి శక్తికై ఇంజను కొంత చిక్కని మిశ్రమముతో, పూర్వపు పెట్రోలు లెక్కలో 12.5 నుండి 13 వరకు, నడువవలెను. ఆ చిక్కదనమే దానికి రక్షణ కవచము. ఎనిమిదిన్నర పాళ్ళు పోయిన తరువాత ఆ కవచములో చాల భాగము పోయినట్లే. అయినను ఇంజను పట్టివేయుటకు ఇదియొక్కటే చాలునా అని నాకు సందేహము కలిగినది. ఆసుపత్రిలో ఆ విద్యార్థిని అడిగితిని. అతడు తలవంచుకొని, "సార్, దసరా సెలవుల్లో ఫిల్టరు డబ్బా తీసేశాను. శబ్దం బాగుందని. ఉస్తాద్ భాయ్‌కి చెప్పలేదు" అనెను. ఫిల్టరు అడ్డు తొలగినపుడు కార్బ్యురేటరు గొంతులో లాగు శక్తి మారి, గాలి పెరిగి, పెట్రోలు మరల తగ్గును. ఇది మూడవ లోటు; దీనికి కాగితముపై లెక్క లేదు, పరీక్ష యొక్కటే మార్గము. పైగా పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ము, మాచర్ల నాపరాళ్ళ ధూళి గల మన ప్రాంతములో ఫిల్టరు లేని ఇంజను ఆకురాయిని మ్రింగుచున్నట్లే.

ఈ సంగతి ఉస్తాదు గారికి చెప్పితిని. చలికాలము, పెట్రోలు, డబ్బా అను మూడు చిన్న దొంగతనములు ఒక్కటై పెద్ద దోపిడి యైనవని వివరించితిని. ఆయన కొంతసేపు వ్రేళ్ళు లెక్కించుకొని, "అయితే నా అందాజు తప్పు కాదు. లోకం మారింది, నేను మారలేదు" అనిరి. ఇంతకన్న చక్కని సారాంశమును ఏ ఆచార్యుడును చెప్పజాలడు.

షెడ్డులో చేయవలసిన పని

ఇట్టి బండి చేతికి వచ్చినపుడు క్రమము తప్పక పని చేయవలెను. మొదట గాలి దొంగచాటుగా లోనికి వచ్చుచున్నదేమో చూడవలెను. యాక్సిలరేటరు వదలినను ఇంజను వేగము వెంటనే దిగకున్నచో, కార్బ్యురేటరు రబ్బరు పగుళ్ళను, క్రాంకు ఆయిల్ సీళ్ళను అనుమానింపవలెను. ఆ లోపము జెట్టుతో కుదురదు.

రెండవది, ఎప్పుడును పెద్ద జెట్టుతో మొదలిడి ఒక్కొక్క మెట్టు దిగవలెను. చిన్నదానితో మొదలిడి పైకి పోరాదు. పెట్రోలు ఎక్కువైన బండి పొగ వదలును, ప్లగ్గు తడియును, నడక మందగించును, అంతే. పెట్రోలు తక్కువైన బండి మొదట హుషారుగా పరుగెత్తి, తరువాత ప్రాణము తీయును. పై లెక్క ప్రకారము ఆ బండి జెట్టు వ్యాసపు కొలతలో 100 అయియుండినచో చలికాలమునకు 104 కనీసము. ఫిల్టరు మార్చిన దానికి అంతకన్న పెద్దదితో మొదలిడుట క్షేమము.

మూడవది ప్లగ్గు పరీక్ష. ఇంజను వేడెక్కిన తరువాత కొత్త ప్లగ్గు బిగించి, జనసంచారము లేని సొంత స్థలములో, శిరస్త్రాణము ధరించి, పూర్తి యాక్సిలరేటరుతో కొంత దూరము నడిపి, క్లచ్చి పట్టి అదే క్షణమున ఇంజను ఆపవలెను. నెమ్మదిగా తెచ్చి ఆపినచో ప్లగ్గుపై మెయిన్ జెట్టు సాక్ష్యము చెరిగిపోవును. పింగాణీ లేత గోధుమ రంగైన మేలు. తెలుపైన పెట్రోలు తక్కువ. నల్లని మసియైన ఎక్కువ. కొసను మాత్రమే చూడక పింగాణీ మొదలున గల వలయమును చూడవలెను. గాలి మర సంగతి కూడ తెలియవలెను: అది ఫిల్టరు వైపున నున్నచో లోనికి బిగించిన పెట్రోలు పెరుగును, ఇంజను వైపున నున్నచో తగ్గును. ఈ భేదము తెలియక చెడిన బండ్లు అనేకములు.

స్ప్రేయరు గల రైతు బిడ్డలకు మూడు మాటలు. నూనె ఎంత ఎక్కువైన అంత మంచిదని భ్రమపడరాదు. లీటరుకు 25 మిల్లీలీటర్లు పోయవలసిన చోట 50 పోసినచో, జెట్టు గుండా పోవు ద్రవములో పెట్రోలు పాలు సుమారు రెండున్నర తగ్గును. ఇంజను తయారీదారు చెప్పిన కొలతయే శరణ్యము. పంట ముగిసిన తరువాత ట్యాంకులోను గిన్నెలోను పెట్రోలు నిలువ ఉంచరాదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును, నీరు ఎక్కువైనచో దానితో కలిసి అడుగునకు దిగును, ఇత్తడి జెట్టుకు చిలుము పట్టును. మూసికొనిన జెట్టును తీగతో పొడువరాదు. మిల్లీమీటరు రంధ్రములో ఒక గీత పడినను కొలత మారును. గాలితో ఊదుటయే తగిన పని.

చట్టము సంగతియు చెప్పుట నా ధర్మము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నముగా బండిని మార్చుటను నిషేధించినది. రోడ్డుపై తిరుగు బండికి పాత సైలెన్సరే తగినది. యంత్రవిద్యలో నిజముగా ఉత్సాహము గల విద్యార్థులకు మార్గములు లేకపోలేదు. 2007 నుండి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలలో ఇంజనీరింగు విద్యార్థులు తాము స్వయముగా నిర్మించిన ఏటీవీలను నడుపుచున్నారు. మన పల్నాటి పిల్లలు ఆ మైదానమున నిలుచు దినము రావలెనని నా కోరిక.

విద్యార్థులారా! ఉస్తాదు గారి షెడ్డులో ఇప్పుడు గోడపై ఒక థర్మామీటరు వ్రేలాడుచున్నది. దాని ప్రక్కన సున్నముతో రెండు జెట్టు అంకెలు వ్రాయబడియున్నవి – ఒకటి ఎండకు, ఒకటి చలికి. ఆ అంకెలను లెక్కించి ఇచ్చినవాడు మంచమునుండి లేచిన ఆ విద్యార్థియే. అతడిప్పుడు ఆదివారములలో అచ్చట పని నేర్చుకొనుచున్నాడు. వారు చెవితో వినుట నేర్పుచుండగా, ఇతడు వర్గమూలము తీయుట నేర్పుచున్నాడు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే వరండాలో కలిసినట్లు, ఆ షెడ్డులో అందాజు, లెక్క ఒకే బల్లపై కలిసినవి. మన యిండ్లలో ఎందరో తండ్రులు, అన్నలు స్పానరు పట్టి మనలను చదివించుచున్నారు. వారి చేతి విద్యకు మన పుస్తకపు విద్య తోడైన నాడే ఈ చదువునకు సార్థకత. బండికి మీరేమి మార్పు చేసినను మొదట ఉస్తాదుకు చెప్పుడు. ఇది ఈ పాఠములో మీరు తప్పక కంఠస్థము చేయవలసిన వాక్యము.